రాయి మీద హంసపాదు

నాచారం ఎల్లమ్మ గుడిలో కొత్త వంటశాల ముందు, పసుపు గుడ్డ కప్పిన గ్రానైట్ ఫలకం దగ్గర, శనివారం పొద్దున ఇద్దరు నిలబడ్డారు. ఒకరు గుడి కమిటీ అధ్యక్షుడు నరేందర్. రెండోవారు త్రిమూర్తులు గారు. సామర్లకోట మనిషి, రైల్వేలో చేసి రిటైరై పన్నెండేళ్ళుగా ఈ కాలనీలోనే ఉంటున్నారు. వియత్నాం యాత్రకు వెళ్ళి నిన్ననే విమానం దిగారు. దిగీ దిగగానే తాను పోయిన సంగతి ఆయనకు తెలిసింది.

"అది కాదండీ నరేందర్ గారూ. నేను బతికే ఉన్నాను."

"కనవడుతనే ఉన్నరు గద సార్."

"కనబడితే చాలదండీ. మీరు రాతపూర్వకంగా చంపేశారు. అదీ రాతి మీద."

"జర కూసోండ్రి సార్. ఛాయ్ తాగుతరా?"

"పోయినవాళ్ళకి ఛాయ్ కూడా పోస్తారా ఇక్కడ?"

"అయ్యో, గట్లనకుండ్రి సార్."

"కాలనీ గ్రూపులో ఎవరో ఈ రాయి ఫోటో పెట్టారు. ‘కీ.శే. త్రిమూర్తులు’ దాకా కనబడుతోంది. కిందదంతా మీ అరటాకులు అడ్డం. దానికి నలభై రెండు ఓం శాంతులు! నేను ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు కోసం నిలబడి అవన్నీ చదువుకున్నాను. ‘ధన్యవాదాలు, క్షేమంగా చేరాను’ అని పెట్టాను."

"ఏమన్నరు?"

"ఒకాయన దండం బొమ్మ పెట్టాడు. ఎదురింటి విశ్వనాథం ‘చాలా మంచి మనిషి’ అన్నాడు. పన్నెండేళ్ళలో నా మొహం మీద ఒక్కనాడూ అనలేదు."

"సూసిన్రా, మంచే అయింది."

"మీరైనా ఒక్క ఫోన్ చేసి కనుక్కోలేదే?"

"పోయినోళ్ళకు ఫోన్ ఏం జేస్తం సార్? ఫోటో సూసి నేను గూడ పరేషాన్ అయిన. వియత్నాంల ఏమన్న తింటే పడలేదో ఏమో అనుకున్న. నిన్న కమిటీల రెండు నిమిషాలు మౌనం గూడ పాటించినం."

"రెండు నిమిషాలూ పాటించారా?"

"నిమిషంనర అయినంక మా సెక్రటరీ గిరిధర్ సార్‌కు ఫోనొచ్చింది."

"సంతోషం. ఆ అర నిమిషం నాకు బాకీ ఉంచండి. అసలు ప్రూఫ్ చూశారా, లేదా?"

"సూసిన సార్. ఎల్లమ్మ తోడు, మూడు సార్లు సూసిన."

"నా పేరు?"

"మీ పేరు అంటే... గంత కిందికి పోలే సార్."

"ఎంత దాకా పోయారు?"

"పైన పెద్దమనుషులు పదకొండు మంది ఉన్నరు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. ఆళ్ళల్ల ఒకని ఇంటిపేరుకు దీర్ఘం తప్పిపోయినా నా బతుకు బస్టాండే సార్. ఆ పదకొండు సూసేసరికే కండ్లు గుంజినయ్."

"ఈ పదకొండు మందిలో వంటశాలకి ఒక్క ఇటుక ఇచ్చినవాళ్ళెవరు?"

"ఇటుక గాదు సార్, టైం ఇచ్చిన్రు. రేపు పదిన్నరకు వస్తమని."

"అంటే ఒంటిగంటకి."

"రెండు గొట్టినా వస్తరు. వచ్చినంక ఆళ్ళే గుడ్డ తియ్యాలె. అందాక ఎవరు ముట్టద్దు. అసలు నిజం చెప్పాల్నంటే సార్, మీ మ్యాటర్ సూస్తేనే ఎవరికన్న డౌట్ వస్తది. ‘ఏటా ఆషాఢ బహుళ దశమి నాడు నలభై మందికి పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, గారెలు, పెరుగన్నం పెట్టవలెను. మానినవారు ఎల్లమ్మ తల్లికి జవాబు చెప్పుకొనవలెను.’ గిది శిలాఫలకమా సార్, హోటల్‌ల మెనూ కార్డా?"

"ఆ ముక్క రాతి మీద ఉందా?"

"లేదు."

"ఏం?"

"జాగ సరిపోలే."

"పదకొండు మందికి సరిపోయింది."

"పదకొండు మందికి, నలుగురి ఫోటోలకు సార్."

"బావుంది. ఈ గుళ్ళో సీలింగు ఫ్యాను రెక్క మీద కూడా దాత పేరుంది. దానికి జాగా దొరికింది."

"ఆయనతోని మస్తు తిప్పలు సార్. వచ్చినప్పుడల్ల ఫ్యాన్ ఆపిస్తడు. తిరుగుతుంటే పేరు కనవడతలేదట."

"నవ్వించకండి. నేను కోపంగా ఉన్నాను. వియత్నాం నుంచి మీకు ఫోన్ చేసి అంతా చెప్పాను కదా, విన్నారా?"

"సిగ్నల్ కట్ అయింది సార్. కోడి అన్నరు, తద్దినం అన్నరు. నాకు సమజ్ కాలే."

"ఇప్పుడు సిగ్నల్ బాగుంది, వినండి. హనోయ్ దాటాక ఒక పల్లె. గైడు పిల్ల మమ్మల్ని అక్కడి గ్రామదేవుడి గుడికి తీసుకెళ్ళింది. టైల్స్ వెయ్యకముందు మన ఎల్లమ్మ గుడి ఎలా ఉండేదని మీరు చెబుతుంటారో, అలా ఉంది. గోడ వారన రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. నిండా పాతకాలపు చైనా అక్షరాలు. ఊరు మొత్తానికి అవి చదవగలిగినవాడు ఒక్క ముసలాయన మిగిలాడు."

"మన కాలనీల తెలుగు సదివేటోళ్ళు గట్లనే ఉన్నరు సార్."

"కనబడుతూనే ఉంది. మూడొందల ఏళ్ళ కిందట ఎవరో మొగుడూ పెళ్ళాం, పిల్లల్లేరు. ఊరికి పొలం ఇచ్చారట. మేం పోయాక మా తద్దినం ఊరు పెట్టాలి అన్నారు. ఊరు సరేనంది. నోటి మాట గాలికి పోతుందని రాయి మీద చెక్కించారు. ఏ రోజు పెట్టాలి, జిగురన్నం ఎంత, కోళ్ళెన్ని, తమలపాకులెన్ని, అన్నీ. మానినవాణ్ణి దేవుడు చూసుకుంటాడని చివర్న ఒక తిట్టు."

"ఇంకా పెడుతున్రా?"

"ఆ ముసలాయన రాతి ముందు తమలపాకులు పెడుతుంటే నేను కళ్ళారా చూశాను. వాళ్ళెవరో, ఎలా ఉండేవారో ఆయనకి తెలీదు. రాసి ఉంది కాబట్టి పెడుతున్నాడు."

"ఆడ నడుస్తది సార్. మన దగ్గర గోడ మీద ‘ఇక్కడ ఉమ్మివేయరాదు’ అని రాస్తే, సదివి మరీ ఆడనే ఊస్తరు."

"అందుకే తిట్టు కూడా చెక్కమన్నాను."

"మల్ల మీరే నవ్విస్తరు."

"నవ్వండి. నాకూ త్రిపురసుందరికీ వెనకా ముందూ ఎవరూ లేరని మీకు తెలుసు. ఆవిడ పోయి రెండేళ్ళు. నేనున్నన్నాళ్ళు ఆవిడ రోజు వస్తే నలుగురికి నేను పెడతాను. నేను పోయిన మర్నాటి నుంచి ఆవిడ పేరున గుప్పెడు మెతుకులు వేసేవాడు లేడు. నాకు పెట్టకపోయినా పరవాలేదు. ఆవిడ నలుగురికి పెట్టందే తినలేని మనిషి. అందుకే ఈ వంటశాల కట్టించాను, అందుకే ఆ మాటలు రాసిచ్చాను. మీరు నన్ను చంపినందుకు కాదండీ నా ఏడుపు. ఆవిడ అన్నం కొట్టేశారు."

"అంత మాట అనకుండ్రి సార్. అమ్మ చేతి గారెలు నేను తినలేదా?"

"తిన్నారు. బోనాల రోజున పదకొండు తిన్నారు. ఆవిడ లెక్కపెట్టి మురిసిపోయింది. ఆ చెక్కినాయనకి ఫోన్ కలపండి."

"దామోదరా? బోడుప్పల్‌ల వాని షాపు. ఆగుండ్రి, స్పీకర్ల పెడుత. హలో, దామోదరూ?"

"చెప్పు నరేందరన్నా."

"ఎల్లమ్మ గుడి రాయిల త్రిమూర్తులు సార్ పేరు ముందట కీ.శే. ఎందుకు పెట్టినవ్ రా?"

"పోయిండు గదనే."

"ఎవడు చెప్పిండు నీకు?"

"మ్యాటర్ల ఉంది. పాపం, ఎట్ల పోయిండన్నా? తిప్పలు పడ్డడా?"

"నమస్కారం దామోదర్ గారూ. ఇబ్బందేమీ పడలేదు. సుఖంగా పోయాను."

"ఎవరే అన్నా పక్కన?"

"ఆ సారే."

"తల్లీ ఎల్లమ్మా!"

"భయపడకండి, పీడించడానికి రాలేదు. నేను చేత్తో రాసి ఫోటో తీసి పంపిన కాగితం మీ దగ్గర ఉందా?"

"ఉంది సార్, ఫోన్ల ఉంది. చూస్తున్న... పైన ‘శ్రీ త్రిమూర్తులు’ అని ఉంది. దాని కింద లైన్ల ‘శ్రీమతి త్రిపురసుందరి’. రెండిటి నడుమ సన్నగ ‘కీ.శే.’ అని రాసిన్రు. దాని కింద బాతు కాలు లెక్క ఏదో గీసిన్రు."

"బాతు కాలు కాదు నాయనా, హంసపాదు. రాసేటప్పుడు ఒక మాట వదిలేస్తే, పైన రాసి, అది ఎక్కడ చేరాలో కింద పెట్టే గుర్తు."

"మాకు హంస, బాతు అన్నీ ఒకటే సార్. దాని ముక్కు పైకి చూస్తున్నది. పైన మీరున్నరు. గందుకే మీ ‘శ్రీ’ తీసి ‘కీ.శే.’ పెట్టిన."

"కింద ఆడమనిషి కదా, ఎవరు పోయారో ఒక్కసారి అడగొద్దూ?"

"ఎక్వతక్వ ముందుగాల మొగోళ్ళే పోతరు గద సార్. లెక్క ప్రకారం కరెక్టే అనుకున్న."

"నాదీ అదే లెక్క నాయనా. తప్పింది."

"దామోదరూ, జర ఆగు. సార్, ఒక్క మాట. మొదలే ‘కీ.శే.’ అని సక్కగ రాస్తే ఈ లొల్లే లేకపోవు గద. ముందు శ్రీమతి అని రాసుడెందుకు, మల్ల నడుమ ఇరికిచ్చుడెందుకు?"

"చెయ్యి అలవాటు నరేందర్ గారూ. నలభై నాలుగేళ్ళు ఆవిడ పేరు ముందు అదే రాశాను. చదివింపుల కవర్ల మీద, రైల్వే పాసుల మీద, బీమా ఫారాల మీద. చెయ్యి తన దారిన తాను రాసేసింది. చూసుకుని, పైన కీ.శే. పెట్టాను."

"మరి శ్రీమతి కొట్టెయ్యలే?"

"మర్చిపోయాను."

"మర్చిపోయిన్రా?"

"అన్నాను కదండీ, మర్చిపోయానని."

"అన్నా, నేను గ్రైండర్ పట్కొని వస్త. గంట పని. సార్ మీది కీ.శే. గీకి, పుట్టీ కొట్టి, నల్ల రంగేస్త. కింద శ్రీమతి తీసి ఆడ కీ.శే. చెక్కుత. ఎవ్వనికి తెల్వది."

"రా జల్ది. పెట్టేస్తున్న... సార్, అయిపాయె. ఇగ ఫికర్ చెయ్యకుండ్రి."

"కింది లైను నేనింకా చూడలేదు. గుడ్డ తియ్యండి."

"రేపటి దాంక తియ్యద్దు సార్, అపశకునం."

"పోయినవాడికి శకునాలేమిటండీ? తియ్యండి."

"సరే, ఎవరన్న వస్తున్రా సూడుండ్రి. ఈ అరటాకు గూడ పక్కకు... ఆ, గిదిగో. ‘వంటశాల దాతలు. కీ.శే. త్రిమూర్తులు. శ్రీమతి త్రిపురసుందరి.’ అరెరే! పాపం అమ్మను..."

"మళ్ళీ చదవండి."

"కీ.శే. త్రిమూర్..."

"నాది కాదు. కింద."

"శ్రీమతి త్రిపురసుందరి."

"ఊఁ."

"సార్?"

"ఏం లేదు. అక్షరాలు బాగా పడ్డాయి. ‘సుందరి’లో సున్న గుండ్రంగా వచ్చింది."

"కంప్యూటర్ కటింగ్ సార్. నూరేండ్లయినా చెక్కు చెదరది."

"నూరేళ్ళంటారా?"

"గ్యారంటీ. ఏం సార్, కండ్లల్ల దుమ్ము పడ్డదా? గుడ్డ దులిపిన గద."

"అదే అయి ఉంటుంది. సరే, ముందు భోజనం సంగతి తేల్చండి. కింద జానెడు జాగా ఖాళీగా ఉందే!"

"గది కమిటీ ఫోన్ నంబర్లకని ఆపినం సార్."

"కమిటీలు మారతాయి. పనసపొట్టు మారదు."

"నాచారంల పనసపొట్టు ఏడ దొరుకుతది సార్?"

"ఏఎస్ రావు నగర్‌లో కొట్టి ఇస్తారు. ఆవిడ ఆటోలో వెళ్ళి తెచ్చుకునేది."

"దొరికినా ఆషాఢంల లేత పనస ఏడిది? అప్పటికి అన్నీ పండిపోతయ్. మీరు తిట్టు చెక్కిస్తరు, కాయ దొరకది, ఎల్లమ్మ తల్లి ఏటా కమిటీనే పట్టుకుంటది."

"నిజమే. ఆషాఢంలో దొరకదు."

"మరి?"

"ఫాల్గుణంలో దొరుకుతుంది. ఫాల్గుణ శుద్ధ విదియ అని చెక్కించండి."

"అమ్మ పోయింది ఆషాఢంల గద సార్?"

"పుట్టింది ఫాల్గుణంలో."

"అంటే పుట్టినరోజు భోజనమా?"

"అవును. నలభై మందికి."

"సరే, కమిటీ నంబర్లు తీసేస్తం. ఎవ్వడు ఫోన్ ఎత్తడు ఎట్లైనా. తిట్టు గూడనా?"

"తిట్టే ముఖ్యం."

"పెట్టిస్త. అమ్మ గారెలు తిన్న నోటితోని కాదనలేను. దామోదర్ వచ్చినంక ముందుగాల మీ కీ.శే. తీపిస్త, తర్వాత అమ్మకు..."

"ఏదీ తియ్యొద్దు."

"ఏంది?"

"పైనున్నది పైన ఉండనివ్వండి. కిందున్నది కింద."

"పొద్దుగాల సంది బతికే ఉన్న, బతికే ఉన్న అని లొల్లి జేసింది మీరే గద సార్!"

"చేశాను."

"రేపు మీరు ముందట కుర్చీల కూసుంటరు, రాయి మీదేమో పోయి ఉంటరు. జనం నవ్వరా?"

"నవ్వనివ్వండి. నాది ఎలాగూ నిజం కావాల్సిందే. ముందే చెక్కించుకుంటే మీకో పని తప్పుతుంది."

"మీది ఉంటే ఉండనియ్యుండ్రి. అమ్మదన్న సరిజేద్దం. పోయిన మనిషిని పట్టుకొని శ్రీమతి అంటే తప్పు గాదా?"

"నరేందర్ గారూ, రేషన్ కార్డులోంచి ఆవిడ పేరు తీయించాను. ఓటర్ల జాబితాలోంచి తీయించాను. గ్యాసు పుస్తకంలోంచి, బ్యాంకులోంచి, నా పెన్షన్ కాగితాల్లోంచి తీయించాను. అన్నిచోట్లా నేనే వరసలో నిలబడి, నా చేత్తో సంతకం పెట్టి కొట్టేయించాను. ఈ ఒక్క చోట నా చేత కొట్టించకండి."