ఎడమ చెంప

సెలూన్ ఇంకా తెరవలేదు. కస్టమర్ల కుర్చీలో తనే కూర్చుని గడ్డం గీసుకున్న భర్త, కత్తి పక్కన పెట్టి భార్య వైపు తిరిగాడు. కుడి చెంప నున్నగా మెరుస్తోంది. ఎడమ చెంప మీద నురగ పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఎడమవైపు వదిలేశారేంటండీ?"

"వదిలెయ్యడమేంటే? ఊరందరి గడ్డాలూ గీసినవాడికి నువ్వు నేర్పుతావా? రెండువైపులా అయిపోయింది."

మాట ముద్దగా వస్తోంది. ఆమె ఫోన్ అందుకుంది.

"అంబులెన్సా అండీ? మా ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. రక్తం పలచబడ్డానికి రోజూ పొట్టకి సూది వేస్తూనే ఉన్నాను. అయినా గడ్డకట్టి మెదడుకి అడ్డం పడొచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. మాట తేడాగా ఉంది, త్వరగా రండి."

"అంబులెన్సు ఎవరికే?"

"మీకేనండీ. కదలకండి."

"నిక్షేపంలా ఉన్నాను, నాకెందుకు? అది సరేగానీ, నా ఒళ్ళో ఈ చెయ్యెవరిది? చల్లగా, ఇంత బరువుంది."

ఆమె కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"నాదేనండీ. భయపడకండి."

అతను కుడిచేత్తో ఆ వేళ్ళని ఒక్కొక్కటే తడిమాడు.

"నీదా? మరి నేను చిక్కిపోయానని నువ్వు దారం చుట్టిచ్చిన నా ఉంగరం, నీ వేలికెందుకుందే?"