క్వైన్‌కి తొమ్మిది స్పెల్లింగులు

అది కాదు వాటీ, 'పిల్ల' అనడానికి మనం అనే 'క్వైన్' అన్న ఒక్క మాటని తొమ్మిది రకాలుగా రాస్తారా ఎవరైనా? మొన్న ఆ కంప్యూటరు లెక్కపెట్టి మరీ చూపించింది. తొమ్మిది! అన్నీ నీ చేతిరాతే.

నవ్వకు. ఎనభై ఆరేళ్ళు నాకు. ఈ గాలిలో హార్బరు గోడ దాకా వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నిన్ను సముద్రం తీసుకుపోయింది, నాకు మిగిలింది ఈ రాయి మీద నీ పేరు. దీంతోనే చెప్పుకోవాలి మరి, ఏం చేస్తాం?

లైబ్రరీకి ఐల్సా అని ఒక పిల్ల వస్తోందిలే, అబర్డీన్‌లో చదివింది. మనం ఇళ్ళల్లో మాట్లాడుకునే స్కాట్స్ మాటల్ని ఎవరి చెవికి తోచినట్టు వాళ్ళు రాశారు కదా. ఎవరెలా రాసినా అది ఫలానా మాటేనని కంప్యూటరు పట్టుకునేలా చేస్తోంది. ఊళ్ళో పాత ఉత్తరాలన్నీ అందులోకి ఎక్కిస్తోంది. ఏ అక్షరం తీసి ఏది పెడితే ఇది అదవుతుందో లెక్కగడుతుందట. తేల్చుకోలేనప్పుడు రెండు మాటలు పక్కపక్కన పెట్టి మనిషిని అడుగుతుంది, ఇవి ఒకటేనా కాదా అని.

ఆ మనిషిని నేనే. రిటైరైన టీచర్ని, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒప్పుకున్నా. ఒకటే, ఒకటే, కాదు, ఒకటే... రోజుకి రెండు వందల జతలు. "ఏదీ తప్పు కాదు టీచరుగారూ, అన్నీ మాటలే" అంటుంది ఆ పిల్ల. నాతోనా అనడం! బడిలో ఇంగ్లీషు బదులు స్కాట్స్ ముక్క దొర్లితే చాలు, అరచెయ్యి చాపించి తోలు బెల్టుతో కొట్టిన దాన్ని.

నీ ఉత్తరాలు కూడా ఇచ్చాను. పెళ్ళైన మొదటి ఏడు, హెర్రింగ్ చేపల వేటకని యార్మత్ రేవుకి పోయి అక్కణ్ణుంచి రాశావు చూడు, ఆ పద్నాలుగు.

ఐల్సా తిప్పి చూసి, "అయ్యయ్యో! ఈ ఎర్ర ఇంకు ఎవరు పెట్టారండీ? కింద మార్కులు కూడా వేశారే!" అంది.

"మా హెడ్మాస్టరు. ఆయన అలాంటివాడే" అన్నాను. పాపం, పోయిన మనిషి మీదికి నెట్టేశా.

ఎవరు పెట్టారో నీకు తెలుసు. నవంబరులో నువ్వు ఇంటికొస్తే, ఒంటి మీద చేపల వాసనైనా పోకముందే, దిద్దిన ఉత్తరాలన్నీ టేబుల్ మీద పరిచాను. పదికి మూడు. పదికి నాలుగు. నీ మంచికే అనుకున్నా, ఒట్టు! నువ్వు ఒక్క మాట అనలేదు. పడవలో పాస్టరు పేరెత్తితే అరిష్టమని నోరు కట్టేసుకునే మనుషులు మీరు. ఇంట్లో ఆ ఉత్తరాల పేరు కూడా అలాగే ఇంకెప్పుడూ ఎత్తలేదు.

మరుసటి ఏటి నుంచి కార్డులు. "క్షేమం. వేట బాగుంది. త్వరలో వస్తాను." చక్కటి ఇంగ్లీషు. అలా మూడేళ్ళు, ఆ తర్వాత ఆ జనవరి తుఫాను.

మొన్న ఐల్సా, "మీకిష్టమైన మాట ఏదైనా కొట్టి చూడండి" అంది. ఇంకేం కొడతాను? నువ్వు నన్ను పిలిచే మాటే కొట్టాను. ఎవరెలా రాసినా సరే, ఊరందరి ఉత్తరాల్లోంచీ ఏరి తెచ్చి పోసింది. మధ్యలో నీ చేతిరాత. నేనిచ్చిన కట్టలోది కాదు. మీ అక్క టీనీ మనవలు ఇచ్చిన పెట్టెలోది. ఆఖరి ఏడు, నవంబరు.

మీ అక్కకి ఎన్ని రాశావయ్యా! నాలుగేసి పేజీలు, అన్నీ మన మాటల్లోనే.

"అక్కా, ఇంట్లో నా క్వైన్‌కి చెప్పాల్సినవి బోలెడున్నాయే. రాద్దామని కూర్చుంటాను, అరచేతులు చెమటలు పడతాయి. ఇవాళ పొద్దున వలలెత్తుతుంటే నీళ్ళు వెండిలా మెరిశాయి. పక్కన అది ఉంటే ఎంత బావుండేదో! నువ్వే చదువుకో, దానికి చెప్పకు."

చదివి అక్కడే ఏడ్చాను, వాటీ. అరవై ఏళ్ళ తర్వాత, పరాయి పిల్ల ముందు, వెక్కి వెక్కి. పాపం ఐల్సా మంచినీళ్ళు తెచ్చిచ్చింది. "హెడ్మాస్టరు కాదమ్మా, నేనే" అందామని నోరు తెరిచా. రాలేదు. మర్నాడూ రాలేదు. రేపు చెబుతాలే. చెప్పి తీరాలి.

కానీ ఒకటుంది, అది ఆ పిల్లకి కూడా చెప్పలేను. నీకే.

నీ కార్డు వచ్చిన ప్రతిసారీ బడికి పట్టుకెళ్ళేదాన్ని. స్టాఫ్ రూములో చేతులు మార్చి మార్చి అందరికీ చూపించేదాన్ని. "చూశారా మా ఆయన్ని? ఒక్క తప్పు లేదు!" అని. ఎంత గర్వంగా చెప్పుకున్నానో తెలుసా! నువ్వు నాతో మాట్లాడటం మానేశావని నాకు తెలియనే లేదు.