ముప్పై ఏడో నంబరు

ఆసుపత్రిలో నా పక్క మంచం ఆయన యూనివర్సిటీ ల్యాబులో అటెండరు. అక్కడ మంటలు లేచిన రోజు ఆయన రెండు చేతులూ కాలాయి. మూడో రోజు మధ్యాహ్నం ఒక విద్యార్థిని ఆయన్ని చూడటానికి వచ్చింది.

"ఎలా ఉంది బాబాయ్?"

"చేతులకేం, మానతాయిలే. ముందు ఆ ముప్పై ఏడో నంబరు పిల్ల సంగతి చెప్పమ్మా. ఎవరినడిగినా నీళ్ళు నములుతున్నారు. పోయిందా?"

"లేదు బాబాయ్. ఇంటి దగ్గరే ఉంది."

"నా మీద ఒట్టు?"

"ఒట్టు. జలుబు చేసిందని ఆ రోజసలు క్లాసుకే రాలేదు."

"అదేంటి! బయట సారు రిజిస్టరు పట్టుకుని లెక్కపెడితే ఒకరు తగ్గారు కదా. ఆ నంబరుకి పొద్దున హాజరు పడి ఉందన్నారు. అందుకేగా నేను మళ్ళీ లోపలికి పోయింది. బల్లల కింద కూడా వెతికాను. దొరకలేదని మూడు రోజులుగా కన్ను మూతపడలేదు."

"ఆ హాజరు నేను పలికాను బాబాయ్. తను నా స్నేహితురాలు."

"పలికితే పలికావు, పిల్లలన్నాక మామూలే. సారు లెక్కపెట్టినప్పుడైనా చెప్పొద్దూ?"

"పరీక్షకి కూర్చోనివ్వరేమోనని భయమేసింది."

"నేను లోపలికి పోతుంటే నువ్వక్కడే ఉన్నావా?"

"ఉన్నాను. మీ వెనకాలే రెండడుగులు వేసి ఆగిపోయాను."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"ఏదో ఒకటి అనండి బాబాయ్. పోనీ తిట్టండి."

"దాహంగా ఉందమ్మా. ఆ గ్లాసు కాస్త నా నోటికి అందించు."