ఓబులమ్మకు పెట్టిన పచ్చచీర

రెడ్లోళ్ళ చేనుకాడ ఒకప్పుడు ఎద్దుల్తో నీళ్ళు తోడిన కపిలబాయి ఉండాది సూడండి, బోర్లొచ్చినాక ముండ్లకంప అల్లుకొని పాడుబడిపోయిందే, ఆడికి పొద్దుగుంకినాక ఎద్దు తప్పిపోయినా ఎవురూ పోరు. ఎందుకు పోతారు నాయనా? మసక చీకటి పడే యాళకు లోపల్నుంచి ఒక ఆడమనిషి మెల్లగా అడుగుతాది, పాప నిద్దరపోయిందా అని. అంతే, ఇంకేమీ అనదు. మరి దెయ్యం పిలిస్తే పలకగూడదని పెద్దోళ్ళు చెప్పిండారు కదా, అందుకని ఇన్నేండ్లూ విన్నోళ్ళంతా తువ్వాలు చెవులకు చుట్టుకొని వచ్చేసినారు గానీ, పలికినోళ్ళు ల్యా.

ఒక్క సుంకులమ్మ పలికింది. ఎవురామె అంటారా? మన చిన్నక్కకు కొడుకు కూతురు. ఆ పిల్ల చంకలో ఉన్నప్పుడే వాళ్ళమ్మ ఓబులమ్మ ఎవడితోనో లేచిపోయిందని ఇంట్లో చెప్పినారు, ఊరు నమ్మింది, నమ్మకపోతే ఎవురికి లాభం? పిల్లను ఆదోనిలో మేనత్త సాకింది, అన్నం పెట్టినప్పుడల్లా ఆ మాటే నంజుకోను పెట్టింది. ఇప్పుడు ఆ సుంకులమ్మ కూతురికే పెండ్లి కుదిరింది. అమ్మ బతికుంటే పోయి పిలవాల, ముత్తైదువుగా పోయింటే పెండ్లికి ముందు చీర పెట్టాల. ఏది చెయ్యాల్నో తెలీక, అడుగుదామని జేజి చిన్నక్క కాడికి వచ్చింది. వచ్చింది పెద్దల అమావాస్య నాడు.

ముసలామె దీపం ముందర చచ్చినోళ్ళకని కొత్తబట్టలు చాటలో పేర్చి ఉండాది. జేజినాయనకొక పంచె, ఎప్పుడో పోయిన నాయనకొక పంచె. సుంకులమ్మ చాట జరపబోతే అడుగున పచ్చచీర అగుపడింది. ఆ ఇంట్లో చచ్చిన ఆడమనిషి ఎవురుండారు? లేచిపోయినామెకు ఎవురన్నా చీర పెడతారా? ఇదెవురికి జేజీ అని అడిగింది. ముసలామె ఒత్తి ఎగదోసుకుంటా, సంగటి మాడిందన్నంత మామూలుగా చెప్పింది. మీ నాయన తాగొచ్చి మీ అమ్మను రోకలితో కొట్టినాడు మే, ఒక్క దెబ్బకే పాయె, వాడు తల పట్టుకుంటే నేను కాళ్ళు పట్టుకొని కపిలబాయిలో ఏసినాము, ఊరికి అబద్ధం చెప్తిమి గానీ చచ్చినామెకు చీర ఎగ్గొడితే ఊరుకుంటాదా, అందుకని ఏటా పెడతాండా, అనింది.

సుంకులమ్మకు ఏడుపు రాలేదంట. కోపం గూడా రాలేదంట. ముందర పెట్టిన పాయసం తిని, గిన్నె కడిగి బోర్లించి, ఆ చీర తీసుకొని పొద్దుగుంకే యాళకు బాయికాడికి పోయింది. పాప నిద్దరపోయిందా అని లోపల్నుంచి వినపడింది. నిద్దరపోయింది మా, పెద్దదయింది, దానికీ ఒక కూతురుంది, దసరా పోయినాక పెండ్లి, చీర తెచ్చినా కట్టుకో, అని చెప్పి చీర లోపలికి జారవిడిచింది. నీళ్ళల్లో పడిన సప్పుడు గూడా రాలేదంట. అట్నుంచి అటే బస్సెక్కింది, జేజి మొగం సూడల్యా.

ఆ పొద్దునుంచి బాయిలో గొంతు ల్యా. పోనీలే, పీడ పాయె అంటారా? చిన్నక్క ఇప్పుడు దినామూ సాయంత్రం కట్టె పట్టుకొని పోయి ఆ కంప పక్కన కూచుంటాది. మే ఓబులమ్మా, మే ఓబులమ్మా అని పిలుస్తాంటాది. దెయ్యం పిలిస్తే మనిషి పలకగూడదు అంటిమే, ఇప్పుడు మనిషి పిలుస్తాంటే దెయ్యం పలకడంల్యా.

అందుకే చెప్తాండా, పొద్దుగుంకినాక ఆ పక్కకు పోవద్దండి. చీకటి పడితే ముసలామెకు కండ్లు కనపడవు. మీ కాళ్ళ సప్పుడు వింటే, వచ్చినావా మే, అంటాది. ఏమని పలుకుతారు?