పోస్టు డబ్బా మీద ఎర్ర జెండా

రేపు పొద్దున్నకల్లా మూడు లెక్కల కాగితాలు టీచరుకు చేరకపోతే, ఏడో క్లాసు చదివే మా మనవరాలిని వాలీబాల్ ఆటలో దింపరట. అందుకని దాని బడిసంచి తెచ్చి వంటగది బల్ల మీద బోర్లించాను.

“అయ్యో, అరటిపండు చితికిపోయింది అమ్మమ్మా!”

“పండు సంగతి తర్వాత. ఇవేమిటే? మూడు కాగితాలూ చేసే ఉన్నాయిగా!”

“చేశాను. ఇవ్వడమే మర్చిపోయాను.”

“చేసి దాచుకున్నావా! అచ్చం ఆ హాల్వర్సన్ ముసలాయనవే.”

“ఆయనెవరు?”

“నేను కారులో ఉత్తరాలు పంచే రోజుల్లో, ఆయన చెల్లెలికి ఉత్తరం రాసి, తన ఇంటి గేటు ముందున్న పోస్టు డబ్బాలో పెట్టాడు. లోపల పంపాల్సిన ఉత్తరం ఉందని నాకు తెలియడానికి ఎత్తాల్సిన ఎర్ర జెండా మాత్రం ఎత్తలేదు. ఆయనకేమో ఉత్తరాలు రావాయె. జెండా లేకపోతే నేనెందుకు ఆగుతాను? రెండు వారాలు అందులోనే పడుంది. చెల్లెలు అలిగి క్రిస్మస్‌కి కూడా రాలేదు.”

“పాపం!”

“ఇదిగో, ఎర్ర ఫైలు. చేసిన కాగితం చేసినట్టే ఇందులోకి పోవాలి. క్లాసులో కూర్చోగానే ముందు దీన్నే బయటికి తీయాలి. తెలిసిందా?”

“తెలిసింది. మరి నన్ను ఆటకి పంపిస్తానని నువ్వు సంతకం పెట్టాల్సిన కాగితమో? కోచ్ రెండుసార్లు అడిగింది.”

“ఆదివారమే పెట్టేశానే!”

“ఏదీ?”

“అదుగో, ఫ్రిజ్ మీద, అయస్కాంతం కింద.”

“మరి జెండా ఎత్తావా అమ్మమ్మా?”

“చాల్లే, నవ్వింది చాలు. ఆ ఫైలు ఇటు తే.”