వద్దన్న ప్లమ్ కేకు

చదువుకోవడానికి కజకస్థాన్ నుంచి వచ్చి, శరత్కాలపు సెలవుల్లో ఒక జర్మన్ కుటుంబంతో ఉంటున్న అమ్మాయి, నాలుగో రోజు ఆకలికి ఆగలేక వంటింట్లో ప్లమ్ కేకు నోట్లో కుక్కుకుంటూ ఆ ఇంటి బామ్మకు దొరికిపోయింది.

"ఇందాక వద్దన్నావుగా పిల్లా?"

"మా ఊళ్లో మూడుసార్లు బతిమాలించుకునిగానీ తినం, బామ్మా. మీ కోడలు ఒక్కసారి అడిగి పళ్లెం తీసేశారు!"

"వద్దంటే వద్దనే అనుకుంటాం మరి. సరే, నాకూ ఓ ముక్క కొయ్యి."

"డాక్టరు మిమ్మల్ని తీపి తినొద్దన్నాడుగా?"

"అందుకేగా చప్పుడు చెయ్యకుండా వచ్చింది! అమ్మో, కోడలొస్తోంది!"

అమ్మాయి అప్పుడే కోసిచ్చిన ముక్కను బామ్మ చేతిలోంచి లాక్కుని, తన ముక్క పక్కన పెట్టుకుని తలుపు వైపు తిరిగింది.

"రెండూ నావేనండీ. ఆకలి దంచేస్తోంది, ఇంకోటి కూడా పెట్టండి!"