మంచి శాంపిల్

బ్లడ్ బ్యాంకు వెనక గది. బల్ల మీద రక్తం బాగుందో లేదో చెప్పే మిషన్, పక్కన దాన్ని వెనక్కి పంపడానికి తెచ్చిన అట్టపెట్టె. ఇన్‌ఛార్జి కాగితం చాపాడు. టెక్నీషియన్ చేతులు కట్టుకుంది.

"పెట్టను సార్."

"సంతకమేగా అడిగాను, ఆస్తి రాసిమ్మన్నానా?"

"మిషన్ చెడిపోయిందని రాశారు. చెడిపోలేదు. పెట్టను."

"చెడిపోకపోతే మంచి శాంపిల్‌ని పట్టుకుని కణాలు చచ్చిపోతున్నాయంటుందేంటమ్మా? నాలుగు రోజుల నుంచీ అదే పాట!"

"లేజర్ వెలుగు తగిలితే ఎర్ర కణం చిన్న చప్పుడు చేస్తుంది. బాగున్నది ఒకలా, పోతున్నది ఇంకోలా. ఇది విన్నది విన్నట్టు చెప్తోంది."

"నాకే పాఠం చెప్తున్నావా?"

"చెప్పించుకుంటున్నారు. పోయిన వారం గడువున్న రక్తం సంచినే వాడొద్దంది. మీరు నవ్వారు. మైక్రోస్కోపులో చూశాక?"

"సరే, సరే, అప్పుడు కరెక్టే. ఇప్పుడు దాని బుర్ర తిరిగింది."

"సంచులన్నిటికీ సరిగ్గా చెప్తూ, ఒక్క శాంపిల్ దగ్గరే తిరిగిందా?"

"ముందు కూర్చో. రెండు మెట్లెక్కితే ఆయాసం, పైగా నాతో పోట్లాటొకటి."

"ఆయాసం నాది, మిషన్‌ది కాదు. నిన్న వాచ్‌మన్ రక్తం పెట్టి చూశాను. భేషుగ్గా ఉందంది."

"మరి నిన్ననే చెప్పవేం?"

"చెప్తే అడుగుతారుగా."

"ఏమని?"

"ఏం లేదు."

"ఏం లేదేంటి? రోజూ పొద్దున్నే మిషన్ సరిచూసే ఆ శాంపిల్ ఎవరిదసలు? దుక్కలాంటి మనిషిదని నువ్వే అన్నావుగా!"

"అన్నాను. అప్పుడు దుక్కే."

"ఎవరినో వెనకేసుకొస్తున్నావు నువ్వు."

"మిషన్ని వెనకేసుకొస్తున్నాను. ఇదిగో, పెద్ద ల్యాబ్ రిపోర్టు. మిషన్ నాలుగు రోజుల కిందే చెప్పిన మాట, వాళ్ళు ఇవాళ చెప్పారు."

"ఎర్ర కణాలు సగానికి సగం... అయ్యో, ఎవరమ్మా పాపం, ఈ... ఇదేంటి, ఇది నీ పేరు!"

"ఆ శాంపిల్ ట్యూబులో మూడు నెలలుగా రోజూ పోస్తున్నది నా రక్తమే సార్. ఇప్పుడా కాగితం చింపేసి, మిషన్ బాగుందని రాయండి. దాని కింద పెడతాను సంతకం."